ఎత్తిపోతల ఫొటోకు మా బావ చేసిన పూజ

1949 నవంబరు 6, ఆదివారం. కార్తీక పౌర్ణమి మరునాడు. స్థలం: మాచర్ల దగ్గరి ఎత్తిపోతల జలపాతం. హాజరైనవారు: మా అన్న, మా అక్క, అక్క భర్త అయిన మా బావ, నేను.

డైరీలో ఆనాటి పేజీ ఇట్లా మొదలవుతుంది. ఆ నలుగురిలో మూడో మనిషి అక్కడ ఉండవలసినవాడు కాదు. ఆయనను ఎవరూ పిలవలేదు. పౌర్ణమి స్నానానికి అక్క మాతో వాడపల్లి దాకా వస్తానంది, ఆమె వెంట ఆయన బయలుదేరాడు. కృష్ణలో మునక వేసి ఇద్దరూ సూర్యాపేటకు తిరిగిపోవాలని అనుకున్న మాట. రేవులో తల తుడుచుకుంటూ, "ఎత్తిపోతల నేను గూడ చూడలేదబ్బా" అన్నాడు. ఇంటి అల్లుడు ఆ మాట అన్న తర్వాత కాదనే నోరు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ పేజీ తిరగేసినా నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

అసలు ఆ ప్రయాణం మా అన్నది. అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. బెజవాడలో ఒక ఫొటో స్టూడియోలో నీళ్లు మోస్తూ, మందులు కలుపుతూ పని నేర్చుకున్నాడు. ఊరు విడిచిపోతున్న ఒక ఉద్యోగి దగ్గర పాత కెమెరా కొన్నాడు. చెక్కపెట్టె, ముందుకు సాగే తోలు తిత్తి, మూడు కాళ్లు. ఫిల్ము కాదు, గాజు ప్లేట్ల మీద ఫొటో పడే రకం. సూర్యాపేటలో దుకాణం పెట్టడానికి చోటు దొరకలేదు. మా ఇంటి వాకిట్లోనే దండెం మీద దుప్పటి వేలాడదీసి, దాని ముందు కుర్చీ వేసి ఫొటోలు తీసేవాడు. గాలి వస్తే దుప్పటి కదిలేది. కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. "ఏం స్టూడియోనోయ్, బట్టలారేసిన కాడ ఫొటోలు" అని బజారులో వెక్కిరించేవాళ్లు. అన్నకు అప్పటికి ఇరవై అయిదు దాటింది.

ఆ ఏడు మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు షావుకారు పెద్దబాట మీద మేడ కట్టాడు. పోలీసు చర్యకు ముందు గొడవల రోజుల్లో ఆయన కుటుంబంతో కృష్ణ దాటి అవతల మాచర్లలో తలదాచుకున్నాడు. అక్కడున్నప్పుడు ఎత్తిపోతల చూశాడు. ఆ నీళ్లు ఆయన మనసులో నిలిచిపోయాయి. అన్న పని తెలుసుకుని పిలిపించి చెప్పాడు.

"నీళ్లు పైనుంచి కిందిదాక ఒక్క బొమ్మల పడాలె. ముక్కలు ముక్కలు వద్దు. గృహప్రవేశం లోపల చిన్న బొమ్మ తెచ్చి సూపెట్టు, నచ్చితే పెద్దది చేయించి హాల్ల పెట్టుకుంట. తెస్తివంటే కింద బాట మొఖాన ఉన్న అర్ర నీదే. ఫొటోల దుకాణం పెట్టుకో."

ఆ గది నేనూ చూశాను. రెండు పెద్ద తలుపులు, ఉత్తరం వైపు కిటికీ. ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం రోజంతా ఉంటుంది. అన్న ఆ గదిలో అటూ ఇటూ నడిచి, కుర్చీ ఎక్కడ వేయాలో, కెమెరా ఎక్కడ నిలపాలో నాకు చూపించాడు. బోర్డు మీద అక్షరాలు ఏ రంగువో కూడా చెప్పాడు. ప్లేట్లు మద్రాసు నుంచి రావడమే ఆలస్యమైంది. వచ్చేటప్పటికి గృహప్రవేశం వారం రోజుల్లో పడింది. అంటే ఒక్కటే ప్రయాణం. ఆరు ప్లేట్లు. తప్పితే మళ్లీ పోయే సమయం లేదు. ఈ సంగతి బావకు తెలుసు. వాడపల్లి బండిలో అన్న స్వయంగా చెప్పాడు.

బావది కోదాడ పక్క ఒక ఊరు. అక్కడ పట్వారీ, ఊరి భూముల లెక్కలు ఆయన చేతిలో ఉండేవి. మనిషి దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో. మా ఇంటికి వస్తే నాయిన తన మంచం దిగి ఆయనకు ఇచ్చేవాడు. నెయ్యి మొదట ఆయన విస్తట్లో పడేది. ఆయన చెప్పిన మాట తప్పని అంటే అలుగుతాడు, అలిగితే అన్నం ముట్టడు, ముట్టకపోతే అమ్మ ఏడుస్తుంది. ఈ వరుస మా అందరికీ కంఠతా వచ్చు.

వాడపల్లి దగ్గర పడవలో ఏరు దాటి, పొందుగల నుంచి ఎద్దుబండి మీద నడికుడి చేరి, రైలెక్కి మాచర్లలో దిగాం. మరునాడు పొద్దున్నే మళ్లీ బండి. కొండల నడుమ ఒక చిన్న ఏరు మామూలుగానే పారుతూ వస్తుంది. ఉన్నట్టుండి నేల అయిపోతుంది. అక్కడి నుంచి నీళ్లు విడివిడి పాయలుగా లోయలోకి దూకుతాయి. ఎదుటి గట్టు అంచున నిలబడితే పైనుంచి కింది మడుగు దాకా మొత్తం కనిపిస్తుంది. తుంపర అంత దూరం వచ్చి మొహానికి తగిలింది. అక్క చెంగుతో మొహం తుడుచుకోకుండా అట్లాగే నిలబడింది. పెళ్లయిన తర్వాత ఆమె చూసిన మొదటి కొత్త చోటు అదే.

అన్న కెమెరా నిలిపాడు. నల్లగుడ్డ కప్పుకుని చాలాసేపు లోపలే ఉండి, నన్ను పిలిచాడు. గుడ్డ కింద తలపెట్టి చూశాను. ఆ కెమెరాలో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. నీళ్లు కింది నుంచి పైకి పొగలాగా లేస్తున్నాయి, చెట్లు ఆకాశంలోకి వేలాడుతున్నాయి. "ఎట్లుంది?" అన్నాడు అన్న. నవ్వుతున్నాడు. ఆ ప్రయాణంలో ఆయన నవ్విన సందర్భం నాకు అదొక్కటే గుర్తు.

గుడ్డలోంచి తల తీసేసరికి బావ గట్టు అంచున నిలబడి తలపాగా సర్దుకుంటున్నాడు.

"జర పక్కకు జరుగున్రి బావా. మీరు అడ్డం ఉంటే నీళ్లు కనపడవు," అన్నాడు అన్న.

"నేను కనపడతా గదా."

"షావుకారు నీళ్లే అడిగిండు."

"నీళ్లు ఎప్పటికీ ఉంటాయి బామ్మర్దీ. మనిషి ఉంటాడా? తియ్యి, తియ్యి."

తీశాడు. ఏం చేస్తాడు? ఒకటి బండ మీద కూర్చుని, ఒకటి అక్క పక్కన నిలబడి, మరొకటి కండువా మార్చుకుని. సగం ప్లేట్లు అట్లా పోయాయి. మిగిలిన మూడూ అన్న బిగబట్టుకున్నాడు. మధ్యాహ్నం ఎండ లోయ అడుగుకు దిగేదాకా ఆగాడు. నేను గొడుగు పట్టి తుంపర అడ్డుకుంటే, అద్దం తుడిచి తుడిచి ఒక్కొక్కటే తీశాడు. చివరిది తీసి, ప్లేటున్న చెక్క చట్రాన్ని మూసి, నల్లగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. "పడ్డది," అన్నాడు. ఆయన ఆ మాట ఊరికే అనడు.

తిరుగు ప్రయాణంలో ఏరు దాటగానే వాడపల్లి రేవులో నాకా. ఏరు దాటి వచ్చే సామాను వెతికే చోటు. అవి అనుమానాల రోజులు, తుపాకులు అడవుల్లో ఉన్న రోజులు. చెక్కపెట్టె చూడగానే జవాను ఆపాడు.

"పెట్టెల ఏమున్నది?"

"ఫొటో ప్లేట్లు సాబ్."

"తెర్వు."

"తెరిస్తే ఖతం సాబ్. వెలుగు తగిలితే బొమ్మ పోతది."

"బొమ్మ పోతదా, బాంబు పేలుతదా?"

పక్కనున్న జవాన్లు నవ్వారు. అన్న పెట్టె మీద పడుకున్నంత పని చేశాడు. జవాన్ల పెద్దాయన అన్నానికి పోయాడు, వచ్చేదాకా కూర్చోమన్నారు. నీడలో కూర్చోనివ్వలేదు. అన్న ఇసుకలో పెట్టెను కావలించుకుని ఎండలో కూర్చున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. బావ వేపచెట్టు కింద జామకాయ కొరుకుతూ, "తెరిచి చూపించరాదూ, నీ నీళ్లేమన్నా పారిపోతాయా?" అని అక్కడి నుంచే కేకేశాడు. అన్న తల తిప్పి, "వెలుగు తగలొద్దు బావా. ఏ వెలుగైనా సరే," అన్నాడు. నేను చెవులారా విన్న మాట అది. ఏ వెలుగైనా సరే.

పెద్దాయన వచ్చిన తర్వాత అన్నే ఉపాయం చెప్పాడు. పెట్టె మీద నల్లగుడ్డ మందంగా కప్పాడు. జవాను గుడ్డ కింద చేతులు పెట్టి, లోపల తడిమి చూశాడు. "ఏం దొరికినయ్, ఎలుకలా?" అని తోటివాళ్లు ఎగతాళి చేశారు. "కట్టెపలకలు," అన్నాడు వాడు చేతులు దులుపుకుంటూ. పోనిచ్చారు. తుపాకీ పట్టుకున్న పరాయివాడు మా అన్న మాట విని, కనీసం గుడ్డ కింద చేయి పెట్టాడు. ఈ సంగతి నేను మరిచిపోలేదు.

మంగళవారం పొద్దున సూర్యాపేటలో ఇల్లు చేరాం. ప్లేట్లు చీకట్లో మందునీళ్లలో కడిగితేనే బొమ్మ బయటికి వస్తుంది. ఆ మందులో ఒకటి, హైపో, ఇంట్లో అయిపోయింది. అన్న పెట్టెను ధాన్యం గదిలో మంచం కింద పెట్టి, "ఎవరినీ ముట్టనియ్యకమ్మా," అని చెప్పి బజారుకు పోయాడు. నేను బడికి పోయాను, అప్పుడు నేను పంతులుగా చేస్తున్నాను. మధ్యాహ్నం ఇద్దరం ఒకేసారి గుమ్మం దగ్గర కలిశాం. ఇంట్లోంచి కర్పూరం వాసన వచ్చింది.

అమ్మ ఎదురొచ్చి మా చేతుల్లో కొబ్బరిముక్కలు పెట్టింది. మొహం వెలిగిపోతోంది.

"నీ బొమ్మలకు పూజ అయింది బిడ్డా. అల్లుడే దగ్గరుండి చేసిండు."

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. వరి కోస్తే మొదటి వెన్నులు కళ్లానికి పోవు. దేవుని గదికి వస్తాయి. పసుపు కుంకుమ పెట్టి, దీపం చూపించి, ఆ తర్వాతే నూర్పిడి. బర్రె ఈనితే మొదటి పాలూ అంతే. అన్న చేసిన మొదటి పెద్ద పని ఇది, దీని తొలి పంట దేవునికి చూపకుండా మందునీళ్లలో ముంచడం అశుభమని బావ తేల్చాడు. "తమ్ముడొచ్చినంక చేద్దం," అని అన్న కంటే పెద్దదైన అక్క అన్నదట. "నీకేం తెలుసు," అన్నాడట.

దేవుని గది తలుపు తోశాం. ఇత్తడి పళ్లెంలో ఆరు గాజు ప్లేట్లు పరిచి ఉన్నాయి. ఒక్కొక్కదానికి నాలుగు మూలలా కుంకుమ బొట్లు, నడుమ బంతిపువ్వు. రెండు వత్తుల దీపం నిండుగా వెలుగుతోంది.

అన్న గడప దగ్గరే ఆగిపోయాడు. చేతిలోని హైపో పొట్లం కింద పెట్టాడు. 

"ఎవరు తెరిచిన్రు?" అన్నాను నేను.

"నేనే," అన్నాడు బావ మంచం మీది నుంచి. "అందుకు ఆ గొంతెందుకు? ఎండ తగలొద్దని నాకా కాడ అన్నాడు గదా. తలుపు మూశాను. కిటికీకి దుప్పటి కట్టించాను. ఎండ ఎక్కడ తగిలింది?"

"దీపం?"

"దీపం దేవునిది."

"దేవునిదైతే వెలుగు గాదా?"

"అయినా అందులో పోవడానికి ఏముంది? నేను తీసినప్పుడే తెల్లగా పెరుగు లెక్క ఉన్నాయి. ఒకటి కాదు, ఆరూ చూశాను. గీత లేదు, గుర్తు లేదు. నీ అన్నకు బొమ్మ పడలే. నా మీద పెడితే ఎట్లా?"

"కడిగితేనే కనపడతది బావా," అన్నాడు అన్న నెమ్మదిగా. "అంతదాక లోపలనే ఉంటది."

"కనపడనిది ఉందని ఎట్లా నమ్మాలె?"

"మీరు మొక్కిన దేవుడు కనపడ్డడా?" అన్నాను.

"నోరు ముయ్యి," అని అరుగు మీది నుంచి నాయిన అన్నాడు. నన్నే అన్నాడు. బావను కాదు.

ఇదీ నాకు కోపం తెప్పించేది. చెడగొట్టినవాడు, ముందు నుంచే చెడి ఉందని సాక్ష్యం చెబుతున్నాడు. కళ్లారా చూశానంటున్నాడు. చూసిన మాట నిజమే. పట్వారీకి కాగితం మీద కనిపించని పొలం పొలమే కాదు. నాయిన ఆ సాక్ష్యం నమ్మాడు. నాలుగేళ్లు పని నేర్చుకున్న కొడుకు మాట కంటే, ఎప్పుడూ కెమెరా ముట్టని అల్లుడి మాట ఆయనకు గట్టిగా వినిపించింది.

పొద్దుగూకగానే, దీపం ఆర్పి చీకట్లోనే పువ్వులు తీసి, అన్న అయినా సరే కడగడానికి కూర్చున్నాడు. లాంతరుకు ఎర్రగుడ్డ కట్టి నేను పట్టుకున్నాను. మొదటి ప్లేటు మందులో పడిన కాసేపటికే కాలిన పెంకులాగా నల్లబడిపోయింది. రెండోదీ, ఆ తర్వాతవీ అంతే; వాటి మీద పువ్వులు పక్కకు జారినట్టున్నాయి, నడుమ కూడా ఏమీ మిగల్లేదు. జలపాతం తీసిన ప్లేట్లలో చివరిదాన్ని ముంచినప్పుడు, అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ నలుపు. మూలల్లో బొట్లున్న చోట తెల్లని చుక్కలు. నడుమ బంతిపువ్వు నీడ పడిన మేర మాత్రం నలుపు పలచగా ఉంది. ఆ పువ్వంత చోటులో నిలువుగా రెండు పాయలు, పక్కన రాతి అంచు. ఎత్తిపోతలే. దూకుతున్న నీళ్లలో బొటనవేలంత ముక్క.

ఆరిన తర్వాత దాన్ని అన్న నాయినకు చూపించాడు. దీపానికి ఎదురు పట్టి, పువ్వు ఉన్న చోటు, లేని చోటు వేలితో చూపించాడు. నాయిన తెలివితక్కువవాడు కాదు. చాలాసేపు చూశాడు. ప్లేటు తిరిగి ఇచ్చేశాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ తర్వాత అన్న కళ్లలోకి చూడలేదు.

బావ కూడా వంగి చూశాడు. "చూశావా, పువ్వు పెట్టిన కాడ దేవుడు కాపాడాడు," అన్నాడు. "మొత్తం పువ్వులు పరిస్తే మొత్తం ఉండేదేమో. బంతిపూలు తక్కువ దొరికినాయి."

నేను లేచాను. అక్క నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. అప్పటికే ఆయన అలిగి ఉన్నాడు. రాత్రి అన్నం ముట్టలేదు. అక్క తనకు అడ్డం చెప్పిందన్నది ఆ అలుక. అమ్మ పళ్లెం పట్టుకుని ఆయన మంచం చుట్టూ తిరిగింది. అన్న తిన్నాడా లేదా అని అడిగినవాళ్లు లేరు.

పడుకోబోయే ముందు నాయిన మా ఇద్దరినీ పిలిచి చెప్పాడు. "రేపు మిర్యాలగూడెం పోయి షావుకారుకు బొమ్మ పడలేదని చెప్పున్రి. అల్లుని పేరు మాత్రం తియ్యకున్రి."

మరునాడు పొద్దున, బొగ్గుల పొయ్యితో నడిచే మొదటి బస్సుకు పోయాం. షావుకారు మేడ ముందు పందిరి వేస్తున్నారు. తెల్లవారితే గృహప్రవేశం. మమ్మల్ని చూడగానే, "తెచ్చినవా?" అన్నాడు.

"పడలేదు షావుకారు," అన్నాడు అన్న. "తప్పు నాదే."

నా వల్ల కాలేదు. "తప్పు ఆయనది గాదు," అన్నాను. అన్న నా కాలు తొక్కాడు. అయినా మొదటి నుంచి చివరిదాకా మొత్తం చెప్పాను. కర్పూరం, బొట్లు, పెరుగు లెక్క ఉన్నాయన్న మాట, ఏదీ వదల్లేదు.

షావుకారు ప్రతి మాటా నమ్మాడు. నమ్మి, కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని లోపలికి కేకేసి, "ఇగో, జర గీడికి రా. ఇది ఇనాలె నువ్వు," అని భార్యను పిలిచాడు. నాతో మళ్లీ చెప్పించబోయాడు. నేను చెప్పలేదు.

"ఏం చేస్తవు మరి, ఇంటల్లుడాయె," అన్నాడు. "మా చెల్లె మొగడున్నడు, మిల్లు తిప్పే తోలుపట్టాకు నూనె పోసిండు, మెత్తగ తిరుగుతదని. పట్టా జారి మిల్లే బందాయె. ఏమన్న అనగల్గిన్నా నేను?"

మమ్మల్ని హాల్లోకి తీసుకుపోయాడు. గోడ నడుమ ఒక పెద్ద రంగుల పటం అప్పటికే వేలాడుతోంది. బెజవాడ నుంచి తెప్పించాడట. ఏ దేశందో తెలియదు. మంచు కప్పిన కొండలు, సూదుల్లాంటి చెట్లు, నీలిమందు కలిపినట్టున్న నీళ్లు.

"గోడ బోడగ ఉండొద్దని తెచ్చిపెట్టిన. ఇదే ఎత్తిపోతల అంటే ఎవనికి తెలుస్తది?"

అన్న ఆ పటం వైపు చూడలేదు. "కింది అర్ర?" అన్నాడు.

"బట్టల దుకాణమాయన రోజూ తిరుగుతున్నడు. మాటకు మాట అనుకున్నం గద, బొమ్మ తెస్తే నీకని. ఇగ ఆయనకే ఇస్తున్న. మనసుల పెట్టుకోకు. రేపు బువ్వకు రాన్రి ఇద్దరూ."

కిందికి దిగాం. ఆ గది తలుపులు తెరిచే ఉన్నాయి. ఎవరో లోపల సున్నం వేస్తున్నారు. అన్న ఆగకుండా దాని ముందు నుంచి నడిచిపోయాడు.

బస్సు ఇంకా రాజుకోలేదు. డ్రైవరు బొగ్గు తిత్తి తిప్పుతున్నాడు. అప్పుడు అన్న మాట్లాడాడు.

"ఎందుకు చెప్పినవ్?"

"నిజం గాదా?"

"నిజమే. అర్ర వచ్చిందా మరి?"

అన్న జేబులోంచి బస్సు చార్జీ తీసి లెక్కపెట్టుకున్నాడు.

"షావుకారు ఈ ముచ్చట పందిట్ల వందమందికి చెప్తడు. కోదాడ దాక పోతది. 'తమ్ముడొచ్చినంక చేద్దం' అన్నందుకే నిన్న ఆయన అన్నం ముట్టలే. ఇది ఇన్నంక అక్కతోని ఎట్లుంటడు? ఆమె గాడనే బతకాలె గద."

"నీకు కోపం రాదా అన్నా?" అన్నాను.

"వస్తది. ఇప్పుడు నీ మీదనే ఉన్నది."

ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఉన్నా, ఆ పొద్దున మళ్లీ వస్తే నేను మళ్లీ చెబుతాను. అక్క నోరు విప్పినందుకు అలిగేవాణ్ని వదిలేసి, నిజం చెప్పినవాడి మీద అలగడం మా ఇంటికి అలవాటు. ఆ అలవాటు అన్నకూ అబ్బిందని నాకు ఆ క్షణంలో తెలిసింది. బస్సు కదిలింది. అన్న ముందు కిటికీ దగ్గర కూర్చున్నాడు. పక్కన చోటు ఖాళీగానే ఉంది. నేను పోయి చివరి బల్ల మీద కూర్చున్నాను. సూర్యాపేట దాకా అట్లాగే వచ్చాం.